మూడు అంగళ్లకొక సూది

మొదట మా తమ్ముడికి గొంతు నొచ్చింది. అంతే. గొంతునొప్పిని ఒక జబ్బంటారా ఎవరైనా? ఆ చలికాలం ఎల్లారెడ్డిలో సగం మంది పిల్లలకు గొంతు నొచ్చింది, అందరికీ తగ్గింది. మా అవ్వ, అంటే అమ్మ, వాడితో ఉప్పునీళ్లు పుక్కిలింపించింది, పాలలో పసుపు కలిపి తాగించింది. మూడోనాటికి వాడు గోటీలాటకు పోయాడు. అప్పుడు వాడికి పన్నెండేళ్లు, నాకు పదహారు.

నెల తిరగకుండానే మోకాలు వాచింది. అది తగ్గేసరికి రెండో మోకాలు, అదీ తగ్గేసరికి మోచెయ్యి. ఇదేం నొప్పో గానీ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. అవ్వ వావిలాకు వేడి చేసి కట్టింది. ఎవరో పసరు పోస్తామంటే పోయించింది. నొప్పులు పోయాయి. పసరు గెలిచిందని వాడకట్టంతా అన్నారు. మేమూ నమ్మాం, మా తెలివి అంతవరకే.

బాపు అప్పటికే లేడు. అవ్వ బీడీలు చేసేది. ఒళ్లో బీడీ ఆకుల శాట పెట్టుకుని పొద్దున కూర్చుంటే దీపాల వేళకు లేచేది. ఒకరోజు తమ్ముడు బావి నుంచి బిందెడు నీళ్లు తెచ్చి, గడప మీద కూలబడి కుక్కలాగా రొప్పాడు. అవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. మరునాడు ముగ్గురం బస్సెక్కి కామారెడ్డి పోయాం.

కామారెడ్డి దవాఖానలో డాక్టరు వాడి ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, నిదానస్తుడు. "అమ్మా, ఆ గొంతునొప్పి చేసిన పని ఇది," అన్నాడు. "కీళ్లు తేరుకున్నాయి. గుండెలో ఒక తలుపుంటుంది, అది దెబ్బతింది. సరిగ్గా మూసుకోవడం లేదు. ఇప్పటికి ఫరవాలేదు. కానీ మళ్లీ అలాంటి గొంతునొప్పి వస్తే మళ్లీ దెబ్బ పడుతుంది. రెండు మూడు దెబ్బలకు ఆ తలుపు ఎందుకూ పనికిరాదు."

"మరి మందేంది సారూ?" అంది అవ్వ.

"బాగు చేసే మందు లేదు. ఇంకా చెడకుండా కాపాడే మందుంది. పెన్సిలిన్ సూది. ఇరవై ఒక్క రోజులకొకటి. వీడికి పాతికేళ్లు దాటేదాకా ఒక్కటి కూడా తప్పకూడదు."

అవ్వకు తేదీలు రావు. వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుని అడిగింది, "మూడు అంగళ్లకొకటా?"

డాక్టరుకు ముందు అర్థం కాలేదు, తరువాత నవ్వాడు. మా ఊళ్లో వారానికొక అంగడి. మూడో అంగడి వచ్చిందంటే ఇరవై ఒక్క రోజులైనట్టే. ఆ రోజు నుంచి మా ఇంటికి కాలెండరు అక్కర్లేకుండా పోయింది.

ఆ సూది సంగతి చెప్పాలి. మామూలు సూది కాదది. సీసాలో తెల్లని పొడి ఉంటుంది. నీళ్లు కలిపి అరచేతుల మధ్య తిప్పితే గోడకు వేసే సున్నంలా చిక్కగా అవుతుంది. సన్నసూదిలోంచి దిగదు, లావు సూదే కావాలి. నెమ్మదిగా ఎక్కిస్తే మధ్యలో గడ్డకట్టి సూది మూసుకుపోతుంది, అప్పుడు మళ్లీ గుచ్చాలి. గబగబా ఎక్కిస్తే పిల్లవాడు ఆకాశం పగిలేలా అరుస్తాడు. మా తమ్ముడు తువ్వాలు నోట్లో కుక్కుకుని బల్ల మీద బోర్లా పడుకునేవాడు. వాడి రెండు చేతులూ నేను పట్టుకునేవాణ్ని. అయిపోయాక కుంటుకుంటూ బస్టాండుకు వచ్చి, "అన్నా, మిర్చీలు," అనేవాడు. సూదికి రెండు మిర్చి బజ్జీలు వాడి హక్కు. ఒకసారి చేతిలో డబ్బుల్లేక ఒక్కటే కొనిస్తే ఎల్లారెడ్డి దాకా మూతి ముడుచుకునే కూర్చున్నాడు.

నేను పదోతరగతి గట్టెక్కాక, కాంపౌండరు పనికి పెట్టించింది ఆ డాక్టరే. రెండేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఒకనాడు తన గొట్టం నా చెవులకు తగిలించి, తమ్ముడి గుండె వినిపించాడు. లబ్ అనే చప్పుడుకూ డబ్ అనే చప్పుడుకూ మధ్య, శాటలో బియ్యం చెరుగుతున్నట్టు, సుయ్‌మని ఒక శబ్దం. తరువాత నా గుండె నన్నే వినమన్నాడు. రెండు చప్పుళ్లు, మధ్యలో ఏమీ లేదు. "తేడా తెలిసిందా?" అన్నాడు. తెలిసింది. ఆ తేడా నా అంత బాగా మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఇది గుర్తుంచుకోండి.

ఎల్లారెడ్డి దవాఖానలో నాకు నౌకరీ అయ్యింది, తరువాత పెళ్లీ పిల్లలూ. నౌకరీ అయినప్పటినుంచి సూది నేనే వేశాను. గాజు సిరంజి నీళ్లలో మరగబెట్టి, ముందు ముంజేతి మీద చుక్క గుచ్చి చూసి, తరువాత అసలుది. కామారెడ్డిలో వేయించినవీ కలిపి మొత్తం తొమ్మిదేళ్లు. ఒక్క అంగడి తప్పలేదు. వాన పడ్డా, పెళ్లిళ్లున్నా వేశాను, ఒకసారి నాకే జ్వరముంటే వణుకుతూ వేశాను. వాడు తిట్టుకుంటూ వేయించుకున్నాడు.

పైగా అది పనిచేసింది. వాడికి ఇరవై నిండేసరికి ఆ సుయ్‌మనే శబ్దం సన్నబడింది. డాక్టరు కామారెడ్డి నుంచి బదిలీ మీద పోతూ చివరిసారి విని, "శ్రద్ధగా విననివాడికి వినపడదు. మీ అమ్మ అంగళ్ల లెక్క గొప్పదయ్యా. ఇంకో ఐదేళ్లు ఇలాగే కానివ్వండి," అన్నాడు. మా కర్మ అక్కడే ఉంది. రాకుండా ఆపే మందు పనిచేస్తే ఏం కనపడుతుంది? ఏమీ కనపడదు. వాడు అందరిలాగే తిరిగాడు, తిన్నాడు, సైకిలు తొక్కాడు. మరి సూదెందుకని అందరికీ అనిపించింది. అవ్వకూ అనిపించింది. ఎందుకు దాచాలి, నాకూ అనిపించింది.

ఆ రోజుల్లో మా దిక్కు కుర్రాళ్లంతా గల్ఫుకు పోతున్నారు. దుబాయి అంటారు గానీ ఎక్కడికి పోయినా దుబాయే. పోయినవాడు రెండేళ్లకు అత్తరు వాసనతో, భుజం మీద టేప్‌రికార్డరుతో దిగేవాడు. మా తమ్ముడితో చదివినవాళ్లు ఒక్కొక్కరే పోయారు. వాడు మిగిలాడు. వాణ్ని 'సూది పోరడు' అనేవాళ్లు. నవ్వుతూనే అనేవాళ్లు, వాడూ నవ్వేవాడు. కానీ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టేవాడు కాదు.

కామారెడ్డిలో ఒక ఏజెంటు వీసా ఉందన్నాడు. ఏదో కంపెనీలో చాయ్ పెట్టి ఇచ్చే పని, నీడపట్టున ఉంటుందన్నాడు. ఒక్కటే అడ్డం. బొంబాయిలో మెడికల్ పాసు కావాలి. ఎక్సురే తీస్తారు, రక్తం తీస్తారు, ఛాతీ వింటారు.

"ఫెయిలైతడు," అన్నాను. "సన్నగున్నా వినేటోనికి వినపడ్తది."

తమ్ముడు నా మొహంలోకి చూశాడు. నాలుగేళ్ల తేడా ఉన్నా మా ఇద్దరివీ ఒకటే ముక్కు, ఒకటే చెవులు. నాకు మీసముంది, వాడికి లేదు. పాస్‌పోర్టు ఫొటోలో ఉన్నది వాడో నేనో అవ్వ కూడా ఒక్క క్షణం తడుముకునేది.

"అన్నా, నువ్వు నిలబడు," అన్నాడు వాడు. "ఐదు నిమిషాలు. నువ్వాడ ఐదు నిమిషాలు నిలబడితే నా బతుకు నిలబడ్తది."

నేను చెడ తిట్టాను. నా నోరు మంచిది కాదు, మా దవాఖానలో అందరికీ తెలుసు. "నీకు పిచ్చి లేసిందా? నౌకరి పోతది నాది. జైల్ల ఏస్తరు," అన్నాను. రెండు అంగళ్లు వాడు నాతో మాట్లాడలేదు. మూడో అంగడికి సూది వేయించుకుని, మిర్చీలు అడగకుండా పోయాడు.

ఆ సాయంత్రం అవ్వ శాట పక్కన పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది. "కొడుకా, ఒక్క కడుపుల పుట్టిండ్రు మీరు. ఒక్క పాలు తాగిండ్రు. వాని గుండెకు నీ గుండె సాక్ష్యం చెప్తే అబద్ధమెట్లయితది?" అంది. "తొమ్మిదేండ్లాయె, మంచిగనే ఉన్నడు గదా. రెండేండ్లు పోయొస్తడు. నువ్వు సూదులు కట్టియ్యి, ఆడ ఏసుకుంటడు."

అవ్వకు ఏం తెలుసు పాపం. గొట్టం చెవిలో పెట్టుకుని విన్నవాణ్ని నేను. వద్దని ఇంకొక్కసారి గట్టిగా అని ఉంటే ఆగేవాళ్లు. అనలేదు. వాడు ఆనందంగా ఉంటే చూడాలని నాకూ ఉంది. సరేనన్నాను.

కామారెడ్డిలో రైలెక్కి, మన్మాడ్‌లో మారి, బొంబాయి చేరాం. ఏజెంటు గదిలో ఇరవై మంది, మా జిల్లావాళ్లే ఎక్కువ. పొద్దున్నే గది బయట పంపు దగ్గర నిలబడి నా మీసం గీసుకున్నాను. తమ్ముడే అద్దం పట్టుకున్నాడు. నవ్వాపుకోలేక అద్దం ఊగుతుంటే, "కదలకుండ పట్టు, మూతి తెగుతది," అని కసిరాను. ఇద్దరం నవ్వాం. మేమిద్దరం కడుపారా నవ్వుకున్నది అదే ఆఖరు.

లోపల వరసలో నిలబడ్డాను. వాడి పేరు పిలిస్తే 'హా జీ' అన్నాను. అక్కడి డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టాడు. భయంతో నా గుండె దడదడా కొట్టుకుంటోంది. ఆయన నవ్వి, "డర్ గయా క్యా?" అన్నాడు. ఎక్సురే తీశారు, రక్తం తీశారు. రెండు రోజులకు కాగితం వచ్చింది. పేరు వాడిది, ఫొటో వాడిది. గుండె, ఊపిరితిత్తులు సవ్యంగా ఉన్నాయని రాసి ముద్ర కొట్టారు. గుండె నాది. రోడ్డవతల చాయ్ బండి దగ్గర తమ్ముడు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చదివి, చదివి, నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చాడు.

మేం తిరిగొచ్చి ఎల్లారెడ్డి బస్టాండులో దిగేసరికి తెలిసినవాళ్లు నన్ను చూసి నిలబడిపోయారు. మా దిక్కు మీసం తీశాడంటే ఇంట్లో ఎవరో పోయారని. "అయ్యో, ఎవరు పోయిండ్రు బిడ్డా?" అని ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరు పోలే పెద్దయ్యా, ఊకనే తీసిన," అన్నాను. ఆయన ఛీ అని ఉమ్మేసి పోయాడు. ఊరికే తీసుకుంటారా ఎవరైనా, అపశకునం కాదూ?

ఏడాదికి ఎన్ని సూదులని లెక్క కట్టి, పదిహేడు సీసాలు, సిరంజి, సూదులు ఒక స్టీలు డబ్బాలో సర్దాను. అవ్వ పెట్టిన మామిడికాయ తొక్కు కింద పెట్టాను. సూది వేయడం నేర్చినవాడు అక్కడ ఎవడో ఒకడు దొరుకుతాడు, వాణ్ని పట్టుకొమ్మన్నాను. మూడో అంగడి మర్చిపోకని పదిసార్లు చెప్పాను. "అన్నా, నువ్వు అవ్వకంటే ఎక్కువైనవే," అని నవ్వి బస్సెక్కాడు.

అక్కణ్నుంచి వాడు ఉత్తరాలు రాయలేదు, క్యాసెట్లు పంపాడు. ఆ రోజుల్లో అందరూ అంతే. ఖాళీ క్యాసెట్టులో గంటసేపు మాట్లాడి, సెలవు మీద వచ్చేవాడి చేతికిచ్చేవాళ్లు. మొదటిది వచ్చిన రోజు వాడకట్టు ఆడవాళ్లంతా మా ఇంట్లోనే. వాడి గొంతు గలగలా వచ్చింది. ఎండ, ఇసుక, ఖుబ్బూసు రొట్టెలు, చాయ్ పని కాదు ఇటుకలు మోసే పని, అయినా ఫికరు లేదు, అన్నీ ఒక్క ఊపున చెప్పాడు. నా కోసమని చివర, "అన్నా, మూడో అంగడి యాదికున్నది, ఏసుకుంటున్న," అన్నాడు.

అవ్వ గొంతు వినేది. నేను ఊపిరి వినేవాణ్ని. నాలుగో క్యాసెట్టులో వాడు మాట మధ్యలో ఆగాడు. "అవ్వా, నువ్వు..." అని ఆగి, "...మంచిగ తిను," అన్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అందరూ పోయాక వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఒక ఊపిరికి ఎన్ని మాటలు మాట్లాడుతున్నాడో లెక్కపెట్టాను. మొదటి క్యాసెట్టులో పది, పన్నెండు. ఇప్పుడు ఐదు. తరువాతి దాంట్లో నాలుగు. సూది వేసుకునేవాడి ఊపిరి ఇట్లా ఉండదు.

జాబు రాయడానికి కూర్చున్నాను. ఏం రాయాలి? అక్కడ గదిలో ఎవడో ఒకడు తీసి చదువుతాడు. గుండె అనే మాట రాస్తే కాగితం దొంగదని తేలుతుంది. 'పానం మంచిగ లేకుంటే వాపస్ రా' అని రాశాను. 'మంచిగనే ఉన్న' అని వాడు క్యాసెట్టు పంపాడు. అది చెప్పడానికి రెండుసార్లు ఆగాడు.

మూడో ఏడు సగంలో వచ్చాడు. కామారెడ్డి బస్టాండులో వాణ్ని నేను గుర్తుపట్టలేదు, వాడే పిలిచాడు. మొహం పీక్కుపోయి, కాళ్లు మాత్రం ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. చేతిలో కొత్త టేప్‌రికార్డరు. దాన్ని నాకిచ్చి పెట్టె మీద కూర్చున్నాడు.

"సూదులు?" అన్నాను. ఎట్లున్నవ్ అని కూడా అడగలేదు. నా మొహం తగలెయ్య.

"బొంబాయిలనే వదిలిపెట్టిన అన్నా," అన్నాడు. "సూదులు జూస్తే ఆరోగ్యం లేనోడని వాపస్ తోలుతరన్నడు ఏజెంటు. తొక్కు తీస్కొని... డబ్బా ఆడనే పెట్టిన."

అంటే ఒక్కటి కూడా లేదు. పదిహేడింటిలో ఒక్కటి కూడా. అక్కడ గదికి పన్నెండు మంది, ఒకడికి గొంతు నొస్తే అందరికీ నొచ్చేది. వాడికి రెండుసార్లు కీళ్లు వాచాయి. కంపెనీ డాక్టరు దగ్గరికి పోతే ఆయన బొంబాయి కాగితం తీసి చూశాడట. గుండె సవ్యంగా ఉందని రాసి ఉంది కదా. దుమ్ము పడక దమ్ము వస్తోందని ఆస్తమా గోలీలు ఇచ్చాడట. "నాకు చిన్నప్పటి సంది గుండె జబ్బున్నది" అని ఒక్క మాటంటే సరైన మందు దొరికేది. అంటే కాగితం దొంగది. దొంగ కాగితం మీద ఎవరి గుండె ఉంది? వాడు అనలేదు.

మరునాడే హైదరాబాదు తీసుకుపోయాను. పెద్ద దవాఖాన, దాదాపు నా ఈడు డాక్టరు. అద్దం మీద వాడి గుండె కదులుతూ కనిపించే మిషను కొత్తగా వచ్చింది. ఆ తలుపు నాకు కూడా కనిపించింది. వయసులో ఉన్నవాడి గుండెలో తేలిగ్గా ఆడవలసింది సున్నపు పెళ్లలా బిరుసెక్కి, సగం తెరుచుకుని, సగం మూసుకుని వణుకుతోంది.

"ఎన్నాళ్లుగా ఉంది ఇది?" అన్నాడు డాక్టరు.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు తమ్ముడు జేబులోంచి మడతలు పడిన బొంబాయి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "పోయినప్పుడు మంచిగ ఉండె సార్. గీ రెండేండ్ల సందే," అన్నాడు.

డాక్టరు కాగితం చదివాడు. మిషను వైపు చూశాడు. "రెండేళ్లలో ఇంత చెడిపోదు. ఈ కాగితం నీదేనా?"

"నాదే సార్," అన్నాడు తమ్ముడు. నా వైపు తిరగలేదు. అన్న సర్కారు నౌకరీలో ఉన్నాడు, పిల్లలవాడు, వాడికి అది తెలుసు. చావబోతూ నా నౌకరీ కాపాడుతున్నాడు. నేను? నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏళ్ల తరబడి సూది వేసిన చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను. ఊళ్లో అందరి మీదా లేచే నోరు ఆ ఒక్క పూట లేవలేదు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఛాతీ కొయ్యకుండా, తొడ దగ్గరి నరం నుంచి బుడగ పంపి, బిగుసుకున్న తలుపు తెరిచే పద్ధతి కొత్తగా వచ్చిందట. "నిరుడు తెచ్చినా ప్రయత్నించేవాళ్లం," అన్నాడు. "ఇప్పుడు తలుపు కారుతోంది కూడా. గుండె ఉబ్బింది, ఊపిరితిత్తుల మీద భారం పడింది. తలుపు మార్చే ఆపరేషన్ ఈ స్థితిలో తట్టుకోలేడు. పద్ధతి ప్రకారం ఇరవై ఒక్క రోజుల సూదులు పడి ఉంటే... ఎవరూ చెప్పలేదా మీకు?"

"చెప్పిన్రు సార్," అన్నాను.

ఒంట్లో చేరిన నీళ్లు దిగే గోలీలిచ్చి ఇంటికి పంపారు. ఎల్లారెడ్డిలో వాడు నాలుగు నెలలున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. గోడకు మూడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టేవాళ్లం. అవ్వ వాడి పక్కనే శాట పెట్టుకుని బీడీలు చేసేది, కానీ చుట్టినవి చుట్టినట్టే విప్పేసేది.

ఒక మధ్యాహ్నం బయట అంగడి గోలగా ఉంది. కూరగాయలవాళ్ల కేకలు ఇంట్లోకి వినపడుతున్నాయి. తమ్ముడు కళ్లు తెరిచి, "అన్నా... ఇయ్యాల మూడో అంగడి," అన్నాడు.

సూది వాడికిక చేసేదేమీ లేదని నాకు తెలుసు. వాడికీ తెలుసనుకుంటాను. అయినా పోయి సీసా తెచ్చాను. నీళ్లు కలిపి అరచేతుల మధ్య తిప్పాను. వాణ్ని పక్కకు ఒరిగించి చూస్తే గుచ్చడానికి కండ లేదు, ఎముక మీద చర్మం. నెమ్మదిగా ఎక్కించాను, సూది మధ్యలో మూసుకుపోయింది. మళ్లీ గుచ్చాను. వాడు తువ్వాలు అడగలేదు. "నొస్తున్నదారా?" అన్నాను.

"లేదే. నువ్వు మంచిగ నేర్చినవ్," అన్నాడు.

మిర్చీలు తెచ్చాను. ఒకటి చేతిలో పట్టుకున్నాడు, తినలేదు. తరువాతి మూడో అంగడి వాడికి రాలేదు.

వాడికి పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. కర్మ నేనే చేశాను. చెరువు గట్టున మంగలి నా మీసం తీశాడు. ఈసారి బస్టాండులో ఎవరు పోయిండ్రని ఎవరూ అడగలేదు.

తరువాత నా నౌకరీ నేను చేసుకున్నాను. చాలా మంది పిల్లలకు ఆ సూదే వేశాను. ఇరవై ఒకటో రోజు రాకపోతే పక్క ఊళ్ల దాకా సైకిలు మీద పోయి, తల్లుల్ని తిట్టి తీసుకొచ్చేవాణ్ని. కొందరు నా నోటికి జడిసి అసలు రావడం మానేశారు. వాళ్ల గుండెలేమయ్యాయో నాకు తెలియదు. ఇంకొకడి బిడ్డను కాపాడితే నా తమ్ముడి లెక్క తీరుతుందా? తీరదు. పుణ్యం వస్తుందని అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

తొంభైలలో కామారెడ్డిలో గుండె జబ్బుల మీద ఒక శిబిరం పెట్టారు. అప్పటికి అందరి నోటా కొత్త కొత్త మాటలు: కొలెస్టరాలు, బీపీ, నూనె తగ్గించండి, పొద్దున్నే నడవండి, బీడీ మానండి. వేదిక మీద డాక్టర్లు కొత్త పరిశోధనలు చెప్పారు. నలభై దాటిన సర్కారు నౌకర్లంతా పరీక్ష చేయించుకోవాలన్నారు, నన్నూ కూర్చోబెట్టారు. ఛాతీకి తీగలు తగిలించి మిషను తిప్పితే పొడుగు కాగితం బయటికొచ్చింది. ఒక చిన్న డాక్టరు దాన్ని చూసి, గొట్టం పెట్టి కూడా విని, నా భుజం తట్టాడు. "ఏం ఫికరు లేదు. ఇరవై ఏళ్ల పిల్లగాని లెక్క ఉన్నది మీ గుండె," అన్నాడు.

పక్కనున్నవాళ్లు మెచ్చుకున్నారు. నాకు ఆ కాగితం చించి పారేయాలనిపించింది. చించలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. అప్పటికి చూపు తగ్గి బీడీలు మానేసింది. శాట మాత్రం ఒళ్లో పెట్టుకునేది, ఖాళీ శాట. తమ్ముడు పోయిన ఇన్నేళ్లలో బొంబాయి ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిలబడమన్నది తనే అన్న సంగతి ఆమె మరిచిపోయిందనే అనుకున్నాను.

"యాడికి పోయినవ్ రా పొద్దుగాల?" అంది.

"కామారెడ్డికే అవ్వా. గుండె పరీక్ష చేసిండ్రు."

"ఏమన్నరు?"

"మంచిగున్నదన్నరు."

అవ్వ ఖాళీ శాటను అరచేత్తో ఒకసారి తుడిచింది.

"అప్పుడు గూడ గట్లనే అన్నరు గదరా," అంది.